మార్చిలో వదిలేసిన పిచర్‌కు అక్టోబరులో చప్పట్లు కొట్టవచ్చా?

ప్రశ్న: చాలా ఏళ్లుగా లాస్ ఏంజెలెస్ దగ్గర ఉంటున్నాను. క్రికెట్‌తో పెరిగినవాణ్ణి, బేస్‌బాల్ పిచ్చి మా అబ్బాయి వల్ల అంటుకుంది. 2025 మార్చి 29న, జపాన్ నుంచి కొత్తగా డాడ్జర్స్ జట్టుకు వచ్చిన పిచర్ (బంతి విసిరేవాడు) రోకీ ససాకీ డాడ్జర్ స్టేడియంలో తొలిసారి పిచ్ చేయబోతున్నాడని తెలిసి, నెల సరుకుల ఖర్చంత పెట్టి ఇతరులు తిరిగి అమ్ముతున్న టికెట్లు మూడు కొన్నాను. అతని పదకొండో నంబరు జెర్సీలు నాకొకటి, మా వాడికొకటి తీసుకున్నాను. తీరా చూస్తే తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో అతను రెండోది కూడా పూర్తి చేయకుండానే వెళ్లిపోయాడు. కోపం పట్టలేక నోటికొచ్చింది అరిచాను. మే నెలలో అతను గాయంతో తప్పుకున్నప్పుడు నా జెర్సీ ఎవరికో ఇచ్చేశాను. అక్టోబరులో అదే మనిషి చివరి ఇన్నింగ్స్‌లలో వచ్చి ఆటలు నిలబెడుతుంటే ఇంట్లో టీవీ ముందు చప్పట్లు కొట్టబోయాను. పదమూడేళ్ల మా వాడు “నాన్నా, నువ్వు అతన్ని వదిలేశావుగా” అన్నాడు. చేతులు ఆగిపోయాయి. గెలిచినప్పుడు మాత్రమే అభిమానించే రకమా నేను? వాడికి ఏం చెప్పాలి? మళ్లీ టికెట్లు కొనడం తెలివైన పనేనా?
— ఒక పాఠకుడు, దక్షిణ కాలిఫోర్నియా

సమాధానం:

చప్పట్లు కొట్టండి. అందుకు మీ అబ్బాయి అనుమతి గానీ నా అనుమతి గానీ అక్కరలేదు. అయితే మీ ఉత్తరంలో నిరాశ, తీర్పు అనే రెండు వేర్వేరు సంగతులు ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. ఎంతో ఎదురుచూసి, డబ్బు పెట్టి, కుటుంబాన్ని వెంటబెట్టుకుని వెళ్లిన మనిషికి తాను చూడాలనుకున్నది అరగంటలో ముగిసిపోతే మనసు చివుక్కుమనడం సహజమే, దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు. కానీ ఆ అరగంటను ఆధారం చేసుకుని ఒక ఇరవైమూడేళ్ల ఆటగాడి భవిష్యత్తు మీద మీరు తీర్పు రాసేశారు. ఇప్పుడు మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది ఆ తీర్పే.

ముందుగా ఆ రోజు ఏం జరిగిందో మరోసారి చూద్దాం. డెట్రాయిట్ టైగర్స్‌పై ససాకీ 61 బంతులు విసిరి ఐదుగురిని మాత్రమే అవుట్ చేయగలిగాడు. మూడు హిట్లు (బ్యాటర్ బంతిని కొట్టి బేస్ చేరడం), నాలుగు వాక్‌లు (గురి తప్పిన నాలుగు బంతులు, అంటే బాల్స్, పడితే బ్యాటర్‌కు ఊరికే దక్కే మొదటి బేస్), రెండు పరుగులు ఇచ్చాడు. అతని బంతుల్లో బ్యాటర్‌కు వ్యతిరేకంగా లెక్కకు వచ్చే స్ట్రైకులు దాదాపు సగమే. మేనేజర్ డేవ్ రాబర్ట్స్ వచ్చి బంతి తీసుకున్నాక అతను డగౌట్‌లో కన్నీళ్లు ఆపుకుంటున్నట్టు కూర్చున్న దృశ్యాన్ని కెమెరాలు దేశమంతటికీ చూపించాయి. ఆ ఆటను డాడ్జర్స్ 7–3తో గెలిచి, టైగర్స్‌తో జరిగిన మూడు ఆటలనూ సొంతం చేసుకున్నారు. మీ ఉత్తరంలో ఆ గెలుపు ప్రస్తావనే లేదు. మూడు టికెట్ల డబ్బు పెట్టి మీరు ఒక గెలుపును చూసి వచ్చారు, అయినా ఓడిపోయి వచ్చినట్టే గుర్తు పెట్టుకున్నారు. మీరు ఆ రోజు ఒక జట్టు ఆటకు కాకుండా ఒక మనిషి పట్టాభిషేకానికి వెళ్లారని దీన్నిబట్టి అర్థమవుతుంది.

క్రికెట్‌తో పెరిగానని రాశారు కాబట్టి ఒక తేడా చెప్పాలి, మీ కోపం అంత పెద్దది కావడానికి అది కూడా కారణమని నా అనుమానం. క్రికెట్‌లో తొలి ఓవర్లలో దెబ్బతిన్న బౌలర్‌ను కెప్టెన్ కాసేపు బౌండరీ దగ్గర నిలబెట్టి, బంతి పాతబడ్డాక రెండో వైపు నుంచి మళ్లీ పిలుస్తాడు, టెస్టు మ్యాచ్ అయితే రెండో ఇన్నింగ్స్ కూడా ఉంటుంది. అంటే పోయిన పరువును అదే మైదానంలో, అదే ప్రేక్షకుల ముందు తిరిగి తెచ్చుకునే వీలుంటుంది. బేస్‌బాల్‌లో ఒకసారి తప్పించిన ఆటగాడు ఆ రోజు తిరిగి మైదానంలోకి రావడానికి వీల్లేదు. పిచర్ చేతి నుంచి మేనేజర్ బంతి తీసుకున్న క్షణంలో అతని కథ ఆ రోజుకు ముగిసినట్టే. మరో అవకాశం కోసం కనీసం నాలుగైదు రోజులు ఆగాలి, అది మరో ఊళ్లో కూడా కావచ్చు. రెండో స్పెల్ చూసి మనసు మార్చుకోవడానికి అలవాటు పడిన మీకు ఆ రెండో స్పెల్ దొరకలేదు. మన హైదరాబాదు సిరాజ్‌నే తీసుకోండి. 2017 నవంబరులో రాజ్‌కోట్‌లో న్యూజిలాండ్‌పై ఆడిన తొలి అంతర్జాతీయ టీ20లో నాలుగు ఓవర్లకు 53 పరుగులిచ్చాడు. 2025 ఆగస్టులో ఓవల్‌లో ఇంగ్లండ్ చివరి వికెట్ పడగొట్టి భారత్‌ను ఆరు పరుగుల తేడాతో గెలిపించినవాడూ అతనే. రాజ్‌కోట్‌లో ఆ రాత్రి టికెట్ కొన్నవారికి ఓవల్ సంగతి తెలిసే దారి లేదు, మార్చిలో మీకు అక్టోబరు సంగతి తెలిసే దారి లేనట్టే.

తెలిసే దారి ఉన్న సంగతులు మాత్రం కొన్ని ఉన్నాయి. మీ సొంత మైదానానికి రాకముందు, మార్చి 19న టోక్యోలో షికాగో కబ్స్‌పై ససాకీ తన తొలి మేజర్ లీగ్ (అమెరికా అగ్రశ్రేణి లీగు) ఆట ఆడాడు. గంటకు 100 మైళ్లు దాటిన ఫాస్ట్‌బాల్ గురించి అందరూ మాట్లాడుకున్నారు గానీ, అదే ఆటలో అతను మూడు ఇన్నింగ్స్‌లలో ఐదు వాక్‌లు ఇచ్చాడు, అందులో ఒకటి బేస్‌లు నిండి ఉండగా ఇచ్చినది కావడంతో పరుగు కూడా వచ్చింది. వేగం ఉంది, అదుపు ఇంకా కుదరలేదు అన్నది పది రోజుల ముందే కనబడిన విషయం. టికెట్ల ధరలు వేగాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకున్నాయి.

అదుపు తప్పితే ఈ పిచర్‌కు ఎందుకంత నష్టమో మీ అబ్బాయికి తెలిసే ఉంటుంది, మీరు కూడా తెలుసుకుంటే తర్వాతి ఆట చూడటం మరింత బాగుంటుంది. ససాకీ అసలు ఆయుధం స్ప్లిటర్. అది ఫాస్ట్‌బాల్ లాగే చేతి నుంచి బయలుదేరి, ప్లేట్ దగ్గరికి వచ్చేసరికి ఉన్నట్టుండి కిందికి జారిపోతుంది, చాలాసార్లు స్ట్రైక్ జోన్ (బంతి పడితే స్ట్రైక్‌గా లెక్కించే చోటు) కింద ముగుస్తుంది. బ్యాటర్ బ్యాట్ ఊపితేనే దానికి విలువ, ఊపకుండా చూస్తూ నిలబడితే అది లెక్కకు బాల్ మాత్రమే. బ్యాటర్ ఊపాలంటే ఫాస్ట్‌బాల్ స్ట్రైక్ అవుతుందన్న భయం అతనికి ఉండాలి. ఫాస్ట్‌బాల్ జోన్‌లో పడనప్పుడు ఆ భయం పోతుంది, స్ప్లిటర్‌ను ముట్టుకోవలసిన అవసరం పోతుంది, ఇక నాలుగు బాల్స్ కోసం ఓపిగ్గా నిలబడితే చాలు. టైగర్స్ బ్యాటర్ల ఓపికను మీరు ఆ రోజు విసుగ్గా చూసి ఉంటారు. అది వాళ్ల పనితనం. దానికి తోడు జపాన్ లీగులో వాడే బంతి చేతికి కాస్త పట్టు ఇస్తుంది, అమెరికా బంతి రవ్వంత పెద్దది, బాగా నునుపు, అందుకే ఆటకు ముందు ప్రత్యేకమైన బురద రుద్ది గానీ దాన్ని మైదానంలోకి ఇవ్వరు. వేళ్ల సందున బంతి పట్టి స్ప్లిటర్ విసిరే మనిషికి ఆ తేడా చిన్నది కాదు.

ఇంకొక సంగతి, డాడ్జర్స్ ఇతన్ని ఏ ధరకు తీసుకున్నారన్నది. జపాన్ నుంచి ఇరవై ఐదేళ్లు నిండకముందే వచ్చే ఆటగాడు మేజర్ లీగ్ నిబంధనల ప్రకారం ఔత్సాహికుడి కిందే లెక్క. అందుకే ససాకీకి అందిన సంతకపు మొత్తం 65 లక్షల డాలర్లు. అదే జట్టు అంతకు ఏడాది ముందు మరో జపాన్ పిచర్ యోషినోబు యమమోతోతో 12 ఏళ్లకు 32.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. రెండేళ్లు ఆగితే ఎన్నో రెట్లు దొరికే డబ్బును వదులుకుని, ఇక్కడికి వచ్చి నేర్చుకుంటానని వచ్చిన కుర్రాడతను. జట్టుకు ఆ సంగతి తెలుసు. ప్రచారం మాత్రం అతన్ని అన్నీ నేర్చి వచ్చినవాడిగా మన ముందు నిలబెట్టింది.

ఆ ప్రచారానికి కారణాలు లేకపోలేదు. 2022 ఏప్రిల్ 10న, ఇరవై ఏళ్ల వయసులో, జపాన్ లీగులో చిబా లొట్టె మెరైన్స్ తరఫున ఓరిక్స్ బఫెలోస్‌పై 27 మందిని వరుసగా అవుట్ చేసి పర్ఫెక్ట్ గేమ్ ఆడాడు, 19 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో అవుట్) చేశాడు, అందులో 13 వరుసగా వచ్చాయి. వారం తర్వాతి ఆటలో మళ్లీ ఎనిమిది ఇన్నింగ్స్‌లపాటు ఒక్క బ్యాటర్‌నూ బేస్ మీదికి రానివ్వలేదు. అప్పుడు మేనేజర్ అతన్ని ఆపేశాడు. ఇంకొక్క ఇన్నింగ్స్ కోసం కూర్చున్న జనం ఉసూరుమన్నారు. అంతకుముందు 2019లో ఇవాతే రాష్ట్రస్థాయి ఉన్నత పాఠశాలల ఫైనల్లో, అలసిన చేతిని కాపాడాలని కోచ్ అతన్ని అసలు ఆడించనే లేదు. జట్టు ఓడిపోయింది. జాతీయ పోటీలకు వెళ్లే అవకాశం చేజారింది. బడికి ఫిర్యాదులు వెల్లువెత్తాయి. అంటే చూడటానికి వచ్చినది దొరక్క అతని మీద అలిగి వెళ్లినవారిలో మీరు మొదటివారు కాదు, జపాన్‌లో మీకు ముందే పెద్ద వరుస ఉంది. ఆ చేతిని పెద్దవాళ్లు ఎంత జాగ్రత్తగా దాస్తూ వచ్చారంటే, అతను ఆడిన ప్రతి ఆటా జనానికి అరుదైన సందర్భమైపోయింది. అరుదైన సందర్భంలో మామూలుగా ఆడినా జనం ఒప్పుకోరు.

సొంత మైదానంలో మొదటి ఆట దేనికీ జోస్యం కాదనడానికి ఉదాహరణలు కోకొల్లలు. అన్నిటికంటే నాకు ఇష్టమైనది బోస్టన్‌ది. 2006 చివర్లో రెడ్ సాక్స్ జట్టు జపాన్ పిచర్ దైసుకె మత్సుజాకాతో మాట్లాడే హక్కు కోసమే అక్కడి అతని జట్టు సెయిబు లయన్స్‌కు 5.11 కోట్ల డాలర్లు చెల్లించి, ఆపైన ఆరేళ్లకు 5.2 కోట్ల డాలర్ల ఒప్పందం రాసింది. 2007 ఏప్రిల్ 11న బోస్టన్ సొంత మైదానం ఫెన్వే పార్కులో అతని తొలి ఆట, ఎదురుగా సియాటిల్ మెరైనర్స్, మొదటి బ్యాటర్ జపాన్ నుంచే వచ్చిన ఇచిరో. జపాన్ నుంచి పత్రికలవాళ్లు తరలివచ్చారు. మత్సుజాకా ఇచిరోకు ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు, ఏడు ఇన్నింగ్స్ వేసి మూడు పరుగులే ఇచ్చాడు. చెడ్డ ఆట కానే కాదు. అయినా ఓడిపోయాడు, ఎందుకంటే అవతలి వైపు మూడు రోజుల క్రితమే ఇరవై ఒకటో ఏడు నిండిన పిచర్ ఫెలిక్స్ హెర్నాండెజ్ ఎనిమిదో ఇన్నింగ్స్ వరకు రెడ్ సాక్స్‌కు హిట్ అన్నదే దక్కనివ్వలేదు, చివరికి ఒక్క హిట్‌తో సరిపెట్టి 3–0తో ఆట ముగించాడు. ఆ రాత్రి మత్సుజాకా ఓడిపోయాడని మాత్రమే గుర్తు పెట్టుకుని ఇంటికి వెళ్లినవారు ఒక పిచర్ తన జీవితంలో ఎప్పుడో గానీ ఆడని ఆటను కళ్లారా చూసి కూడా చూడనట్టే. ఆ ఏడాది అక్టోబరులో వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) మూడో ఆటను మత్సుజాకా గెలిచాడు.

మీ డాడ్జర్స్‌నే తీసుకున్నా అంతే. పాత తరం పిచర్ సాండీ కోఫాక్స్ మొదటి ఆరేళ్లలో 36 ఆటలు గెలిచి 40 ఓడాడు. అతని ఇబ్బంది కూడా సరిగ్గా ఇదే, బంతిలో నిప్పులున్నాయి గానీ అది ఎక్కడ పడుతుందో తెలియదు. 1961 నుంచి కుదురుకున్నాడు, 1963, 1965, 1966లలో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు. యమమోతో 2024 మార్చిలో సియోల్‌లో తన తొలి ఆటలో ఒక్క ఇన్నింగ్స్‌కే ఐదు పరుగులిచ్చాడు. 2025 వరల్డ్ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడు అతనే. దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ వాషింగ్టన్‌లో ఉంది. 2010 జూన్ 8న పిచర్ స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ సొంత మైదానంలో తొలి ఆటలోనే 14 స్ట్రైకౌట్లు చేసి, ఒక్క వాక్ కూడా ఇవ్వకుండా ఊరును ఉర్రూతలూగించాడు. సెప్టెంబరుకల్లా మోచేతికి శస్త్రచికిత్స జరిగింది. అక్కడ జెర్సీ కొన్నవాళ్లు ఏమనుకుని ఉంటారో ఆలోచించండి.

ససాకీ విషయానికి వస్తే, మే 3న అట్లాంటాలో తొలి గెలుపు దక్కింది. ఆ నెల నడిమికల్లా కుడి భుజం నొప్పితో తప్పుకున్నాడు. ఆ భుజంతోనే సెప్టెంబరు చివర్లో తిరిగి వచ్చి, ఆట ఆరంభంలో కాక ముగింపులో వేయడం మొదలుపెట్టాడు. అక్టోబరు 9న, మీరు అరిచిన అదే మైదానంలో, ఫిలడెల్ఫియా ఫిలీస్‌తో స్కోరు 1–1గా ఉండగా ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మౌండ్ (పిచర్ నిలబడే గుట్ట) ఎక్కి, ఎనిమిది, తొమ్మిది, పది ఇన్నింగ్స్‌లలో వచ్చిన తొమ్మిది మందినీ వరుసగా వెనక్కి పంపాడు. ఒక్క వాక్ కూడా లేదు. విచిత్రమేమిటంటే, డాడ్జర్స్ ఆ ఆటను సమం చేసిన పరుగు ఏడో ఇన్నింగ్స్‌లో బేస్‌లు నిండి ఉండగా అవతలి పిచర్ ఇచ్చిన వాక్ వల్లే వచ్చింది. పదకొండో ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ 2–1తో గెలిచారు. దాన్ని మీరు టీవీలో చూశారు, మీ ఊళ్లోనే జరిగినా.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. గెలిచినప్పుడే అభిమానించే రకమా అని అడిగారు. ఆ మాటను మన అభిమానులు కుల బహిష్కరణలాగా వాడతారు, నాకు దాని మీద పెద్ద గౌరవం లేదు. అక్టోబరు 9న లేచి నిలబడిన యాభై వేలమందిలో మే నెలలో అతన్ని మరిచిపోనివారు ఎంతమంది ఉంటారు? ఆట బాగుంటే ఆనందించడం, బాగా లేకపోతే నొచ్చుకోవడం ప్రేక్షకుడి సహజ ధర్మం. జెర్సీ ఇచ్చేయడం కూడా నేరం కాదు, దాన్ని తీసుకున్నవాడు అక్టోబరులో సంతోషించి ఉంటాడు. కాకపోతే ఆ అరుపు వేరే సంగతి. టికెట్‌కు మీరు పెట్టిన అదనపు ధర ససాకీ జేబులోకి వెళ్లలేదు, ముందే కొనిపెట్టుకుని తిరిగి అమ్మినవాడికి వెళ్లింది. బేరంలో మీకు కలిగిన కోపాన్ని ఆ బేరంతో సంబంధం లేని కుర్రాడి మీద, అదీ అతను తలదించుకుని వెళుతున్నప్పుడు, పక్కన మీ బిడ్డ కూర్చుని ఉండగా చూపించారు. మీ వాడు మరిచిపోలేనిది అదేనని నేను అనుకుంటున్నాను. జెర్సీ సంగతి వాడు అంతగా పట్టించుకుని ఉండడు.

కాబట్టి వాడికి సంజాయిషీగా అంకెలు చెప్పకండి, అంకెలు మీకంటే వాడికే బాగా తెలుసు. ఆ రోజు అలా అరవడం బాగోలేదని, ఆ మాటకు కారణం డబ్బు పోయిందన్న ఉక్రోషమేనని సూటిగా చెప్పండి. వాడు మే నుంచి సెప్టెంబరు వరకు ఆశ వదలకుండా ఉన్నాడని, ఆ విషయంలో మీకంటే గట్టివాడని ఒప్పుకోండి. పదమూడేళ్ల పిల్లవాడికి తండ్రి నోట ఆ మాట వినడం ఏ జెర్సీకన్నా విలువైనది. ఆ తర్వాత వాడికీ ఒక మాట చెప్పవలసి ఉంది. ముందునుంచీ నమ్మినవాడికి సంతోషించే హక్కు ఎక్కువే కావచ్చు గానీ, ఆలస్యంగా వచ్చినవాణ్ణి గుమ్మంలో ఆపే హక్కు మాత్రం ఉండదు. ఇది నెమ్మదిగా, ముందు చెప్పిన మాటలు వాడిలో ఇంకాక చెప్పండి, లేకపోతే బేరమాడినట్టు ఉంటుంది. అన్నట్టు, మూడో టికెట్ ఎవరిదో మీరు రాయలేదు. అది మీ శ్రీమతిది అయి ఉంటే, ఆవిడ ఆ రోజు ఏం చూశారో ఒకసారి అడగండి, ఇంట్లో ఆ 7–3 గెలుపును గుర్తు పెట్టుకున్న మనిషి ఆవిడే కావచ్చు.

టికెట్లు తప్పకుండా కొనండి, కానీ పేరును చూసి కొనకండి. ఆరంభ పిచర్ ఎవరన్నది కొద్ది రోజుల ముందు ప్రకటించినా, భుజం పట్టేసినా వాన పడినా అది మారిపోతుంది. ససాకీని మళ్లీ ఆరంభంలో వేయిస్తారా, ముగింపులో వేయిస్తారా అన్నదాన్నిబట్టి మీ లెక్క ఎలాగూ తప్పుతుంది. వారం మధ్యలో, పెద్ద పేరు లేని జట్టుతో జరిగే ఆటకు, చివరి రోజుల వరకు ఆగి తీసుకుంటే ధర సాధారణంగా దిగుతుంది. డాడ్జర్ స్టేడియంలో హోమ్ ప్లేట్ వెనుక అన్నిటికంటే పై అంతస్తులో కూర్చోండి. ఆటగాళ్ల ముఖాలు కనబడవు గానీ, బంతి ప్లేట్‌కు ఏ వైపు పడుతుందో, క్యాచర్ పెట్టిన గ్లోవు ఎంత దూరం కదలవలసి వచ్చిందో అక్కడి నుంచి తెలిసినంత బాగా ఖరీదైన పక్క సీట్ల నుంచి తెలియదు. స్కోరుకార్డు వాడిని రాయమనండి. మీరు మాత్రం ఒకే ఒక్కటి లెక్కపెట్టండి, ప్రతి బ్యాటర్‌కూ వేసిన మొదటి బంతి స్ట్రైకా, బాలా అని. మూడు ఇన్నింగ్స్‌లు అలా లెక్కపెట్టాక, ఆ రోజు ఆ పిచర్ ఎంతసేపు నిలబడతాడో మీరే చెప్పగలుగుతారు, మేనేజర్ మెట్లెక్కి బయటికి వచ్చినప్పుడు ఆశ్చర్యపోరు. పదకొండో నంబరు జెర్సీ ఇప్పుడే మళ్లీ కొనవద్దు. మీకు ఒకటి కావాలో వద్దో ఆ సంగతి మీ అబ్బాయికి వదిలేయండి, డబ్బు మాత్రం మీరే ఇవ్వండి.